హైలక్స్‌కి పెద్ద డీజిల్ ట్యాంకు వేయించడం దండగా?

అడిగిన ప్రశ్న ఇది: "అడిలైడ్‌లో ఉంటాం. టొయోటా హైలక్స్ డబుల్ క్యాబ్ (నాలుగు తలుపుల పికప్ బండి) ఉంది. కంపెనీ ఇచ్చిన 80 లీటర్ల ట్యాంకు తీయించి 140 లీటర్లది వేయించమని ఫ్రెండ్స్ పోరుతున్నారు. ఈ ఏడాది నల్లార్‌బోర్ మైదానం, వచ్చే ఏడాది సింప్సన్ ఎడారి వెళ్లాలని ఉంది. అంత డబ్బు పెట్టడం అవసరమా?"

నల్లార్‌బోర్ కోసమే అయితే శుద్ధ దండగ. ఆ మైదానానికి ఈ చివర సెడూనా నుంచి ఆ చివర నార్స్‌మన్ దాకా 1,200 కిలోమీటర్లు అని వినగానే గుండె జారుతుంది గానీ, దారి పొడవునా డీజిల్, తిండి దొరికే రోడ్‌హౌస్‌లు ఉన్నాయి. ఏ రెండింటి మధ్య దూరమూ 200 కిలోమీటర్లు దాటదు. మొత్తం తారు రోడ్డే. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "అక్కడ బంకులే ఉండవంట" అని భయపెట్టేవాళ్లలో సగం మంది ఆ రోడ్డు మొహం చూసి ఉండరు. కంపెనీ ట్యాంకుతో హాయిగా వెళ్లి రండి.

సింప్సన్ సంగతి వేరు. ఎడారికి పడమటి అంచున మౌంట్ డేర్‌లో డీజిల్ పట్టుకుంటే మళ్లీ తూర్పు అంచున బర్డ్స్‌విల్‌లోనే. మధ్యలో 500 పైచిలుకు కిలోమీటర్లు, 1,100కి పైగా ఇసుక దిబ్బలు. హైవే మీద వంద కిలోమీటర్లకి పది లీటర్లు తాగే బండి అక్కడ పద్దెనిమిది, ఇరవై తాగుతుంది. టైర్లలో గాలి సగం తీసేసి, లో గేర్‌లో మూలుగుతూ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. వంద లీటర్లు ఖర్చుకే పోతాయి. ఆ పైన ఓ పాతిక ముప్ఫై చేతిలో ఉండాలి. 80 లీటర్ల ట్యాంకుతో అయ్యే పని కాదు. అంటే క్యాన్లైనా మోయాలి, పెద్ద ట్యాంకైనా ఉండాలి.

నేను ట్యాంకు వైపే. మా హైలక్స్‌కి 140 లీటర్లది వేయించి నాలుగేళ్లయింది. నాలుగు క్యాన్ల డీజిల్ రూఫ్ రాక్ మీద కట్టుకుని దిబ్బలెక్కేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 20 లీటర్ల క్యాన్లు నాలుగంటే డబ్బాల బరువుతో కలిపి ఎనభై కిలోలకి పైనే. అంత బరువు నెత్తిన పెట్టుకుని ఏటవాలు ఇసుకలో బండి తిప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంకొందరు పిల్లలు కూర్చునే సీటు వెనకాలే పెడతారు. మూత ఎంత బిగించినా ఎండకి ఆవిరి వస్తుంది, రాత్రి దుప్పట్లకి కూడా డీజిల్ వాసనే. అదే డీజిల్ కింద ఛాసిస్ మధ్య ఉంటే బండి నేలని పట్టుకుని ఉంటుంది.

కానీ మీ ఫ్రెండ్స్ చెప్పని విషయం ఒకటుంది. అది చెబుదామనే ఇంత రాస్తున్నాను.

ట్యాంకు వేయించిన మొదటి ఏడాది జులైలో బయల్దేరాం. వేసవిలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా సౌత్ ఆస్ట్రేలియా వైపు ఎడారి మూసేస్తారు కాబట్టి చలికాలమే వెళ్లాలి. రెండు బళ్లు. మా హైలక్స్, మెల్‌బోర్న్ నుంచి మా అక్కా బావల ప్రాడో. వాళ్లది పాత 150 సిరీస్, 87 లీటర్లదొకటి, 63 లీటర్లదొకటి, రెండు ట్యాంకులు కంపెనీ నుంచే వచ్చాయి. (కొత్త ప్రాడోలో దాన్ని 110కి తగ్గించారు. ఎడారి బండి అని అమ్ముతూ ట్యాంకు కోసేయడం ఏం న్యాయమో నాకైతే అర్థం కాదు.)

మౌంట్ డేర్ చేరేసరికి నా గేజి ముల్లు సగానికి కొంచెం కింద ఉంది. పంపు పెట్టాను. 41 లీటర్లకి టక్కుమని ఆగింది. మళ్లీ నొక్కాను, అర లీటరు దిగింది, టక్. మళ్లీ టక్. మూతి దగ్గర నురగ పొంగి చెయ్యి తడిసింది. వెనక మూడు బళ్లు ఎదురుచూస్తున్నాయి. ట్యాంకు వేసిన షాపువాడు ముందే చెప్పాడు, "పెద్ద ట్యాంకులన్నీ అంతే, చివర్లో నురగ వస్తుంది" అని. తాళం తిప్పి చూస్తే ముల్లు ఫుల్ మీద నిలబడింది. సరే నిండిందనుకుని డబ్బులు కట్టేశాను.

లెక్క అక్కడే తప్పింది. సగానికి తక్కువున్న 140 లీటర్ల ట్యాంకులో డెబ్బై పైనే దిగాలి. 41 ఎలా సరిపోతుంది? ఆ కూడిక నేను వేయలేదు. ముల్లుని నమ్మాను.

డాల్‌హౌసీ ఊటల్లో గోరువెచ్చని నీళ్లలో మునిగాం, పూర్ని బోర్ దగ్గర పడుకున్నాం. మర్నాడు ఫ్రెంచ్ లైన్ అనే ఇసుక బాట ఎక్కాం. బండి ముందు ఎత్తుగా జెండా, ప్రతి దిబ్బ ఎక్కే ముందు రేడియోలో "పడమటి నుంచి రెండు బళ్లు వస్తున్నాయి" అని చెప్పుకుంటూ వెళ్లాం. ముల్లు చాలాసేపు కదల్లేదు, అబ్బ ఎంత డీజిలో అని సంబరపడ్డాను. ఆ తర్వాత రోజు మొదలైంది జారడం. పొద్దున సగం, మధ్యాహ్నానికి పావు, పోపెల్ కార్నర్ చేరేసరికి ఎర్ర లైటు. ఇంకా 170 కిలోమీటర్లు ఉంది, చివర్లో బిగ్ రెడ్ దిబ్బ ఉంది.

పోపెల్ కార్నర్ అంటే సౌత్ ఆస్ట్రేలియా, క్వీన్స్‌లాండ్, నార్తర్న్ టెరిటరీ హద్దులు కలిసే చోటు. 1880లో అగస్టస్ పోపెల్ అనే సర్వేయరు కొలిచి అక్కడ కర్ర పాతాడు. కొలిచిన గొలుసు ఓ అంగుళం పొడవెక్కువ ఉందని తర్వాత తేలింది, కర్రని జరపాల్సి వచ్చింది. ఆ బోర్డు చదువుతూ నేను నా ఎర్ర లైటు గురించే ఆలోచిస్తున్నాను. ట్యాంకు కారిపోయిందేమోనని భయం. బండి కిందకి దూరి టార్చి వేశాను. ఎక్కడా తడి లేదు. బావ పక్కనే బోర్లా పడుకుని, "ఏరా, ఈ పైపేంటి ఇట్లా మడత పడింది?" అన్నాడు.

బొటనవేలంత లావు రబ్బరు పైపు. ట్యాంకు పై నుంచి మూతి దగ్గరికి వెళ్లే గాలి పైపు, బ్రీదర్ అంటారు. ట్యాంకు ఎక్కించేటప్పుడు బ్రాకెట్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఇరుక్కుని, తోటకి నీళ్లు పెట్టే పైపు మీద కాలేస్తే ఎలా అవుతుందో అలా నొక్కుకుపోయింది. మీద ప్లాస్టిక్ టై గట్టిగా లాగి కట్టి ఉంది. డీజిల్ లోపలికి దిగాలంటే లోపలున్న గాలి బయటికి రావాలి కదా. గాలికి దారి లేక డీజిల్ గొట్టంలోనే పైకి తన్నింది, పంపు నిండిందనుకుని ఆగింది. డీజిల్ మీద తేలుతూ గేజి ముల్లుని కదిపే కడ్డీ (ఫ్లోట్) కూడా పాత ట్యాంకు కొలతకి వంచినదే. సగానికి పైన ఉంటే చాలు ఫుల్ చూపిస్తుంది. 140 ఉందనుకున్న చోట ఉన్నది 86.

మమ్మల్ని ఒడ్డున పడేసింది బావ ప్రాడోలో వెనక పెట్టుకున్న ఒకే ఒక్క 20 లీటర్ల క్యాను. అక్క "రెండు ట్యాంకులుండగా ఇదెందుకు" అన్నా వినకుండా తెచ్చాడు. గాలి ఈడ్చి కొడుతోంది, ఎర్ర ఇసుక లేచి కళ్లలో పడుతోంది. అక్క, మా ఆవిడ దుప్పటి అడ్డం పట్టుకున్నారు. నేను గరాటుకి పాత కాటన్ చీర ముక్క మడతలు పెట్టి కట్టాను, బావ పోశాడు. ఒక్క రేణువు కూడా పోకూడదు. ఇప్పటి డీజిల్ ఇంజన్ల ఇంజెక్టర్లు ఇసుకని, నీళ్లని అస్సలు తట్టుకోవు, పోతే వేలల్లో ఖర్చు. పోయడం అయ్యాక చూస్తే ఆ తెల్ల గుడ్డ మీద కుంకుమ అద్దినట్టు ఎర్రటి పొర. టై కోసేసి, పైపు నిదానంగా సాగదీసి గుండ్రంగా చేసి, ఇరుక్కోని చోట మళ్లీ కట్టాం. మరుసటి రోజు బర్డ్స్‌విల్ చేరాం.

తిరిగొచ్చాక షాపువాడు చెప్పింది, "మాకెవరూ ఇంతవరకు కంప్లయింట్ చెప్పలేదు" అని. ఎలా చెబుతారు? వేయించుకున్నవాళ్లలో చాలామంది ఆఫీసుకీ షాపింగ్‌కీ తిరుగుతారు, మూడొంతులు దిగినా తేడా తెలియదు.

కాబట్టి సింప్సన్ నిజంగా వెళ్తారనుకుంటే వేయించండి. వేయించేముందు బండి బరువు లెక్క చూసుకోండి. అదనపు 60 లీటర్లంటే 50 కిలోలు, ఇనుప ట్యాంకైతే దాని బరువు మళ్లీ వేరు. హైలక్స్ సామానుతో సహా మొత్తం మూడు టన్నుల చిల్లర దాటకూడదు, అందులో బండి బరువే రెండు టన్నులు దాటుతుంది. బుల్ బార్, వించ్, వెనక డ్రాయర్లు, ఫ్రిజ్, నలుగురు మనుషులు అన్నీ పోను ఏం మిగులుతుందో తూకం బ్రిడ్జి మీదకి ఎక్కించి చూడండి. ఇన్సూరెన్సు వాళ్లకి ట్యాంకు మార్చిన సంగతి రాతపూర్వకంగా చెప్పండి. షాపులో బండి లిఫ్టు మీద ఉండగానే గాలి పైపు మొదటి నుంచి చివరి దాకా వేలితో తడిమి చూస్తామనండి. ఒప్పుకోకపోతే ఇంకో షాపు వెతుక్కోండి.

తర్వాత ఇంటి దగ్గర్లోనే తిరుగుతూ ఎర్ర లైటు వచ్చేదాకా ట్యాంకు ఖాళీ చేయండి. జాగ్రత్తకి ఒక క్యాను దగ్గర పెట్టుకోండి. బంకులో నింపి, 140 ట్యాంకుకి కనీసం 120 దిగిందా లేదా పంపు మీద చూడండి. పావు, సగం, ముప్పావు దగ్గర ముల్లు ఎక్కడుందో కాగితం మీద రాసి అద్దం వెనక అంటించుకోండి. స్క్రీన్ మీద "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అని వచ్చే అంకె పాత ట్యాంకుకి లెక్క కట్టింది, దాన్ని మర్చిపోండి.

బర్డ్స్‌విల్‌లో ఆ రోజు పంపు పెట్టి నిలబడితే 41 దాటింది, 60 దాటింది, వంద దాటింది, ఎక్కడా ఆగలేదు. బావ పక్కన నిలబడి అంకెలు పైకి చదువుతున్నాడు. 132 దగ్గర ఆగింది. ఆ రసీదు ఇప్పటికీ డాష్‌బోర్డు అరలోనే ఉంది, సిరా వెలిసిపోయింది గానీ అంకె కనపడుతుంది.