ఆరు వారాలైనా బొంగురు తగ్గకపోతే మాత్రలు చప్పరిస్తే సరిపోదు

అక్కా, గుంటూరులో టీచర్‌ని, ఆరు వారాలుగా గొంతు బొంగురుపోయింది, మాత్రలు చప్పరిస్తూ ఇంట్లో గుసగుసగా మాట్లాడుతున్నా అన్నారు కదా, ముందు ఆ గుసగుసలు ఆపేయండి, దానివల్ల కూడా గొంతు మీద ఒత్తిడి పడుతుంది. తక్కువగా, మెల్లగా, మామూలు గొంతుతోనే మాట్లాడండి.

మా అమ్మ కూడా బెజవాడలో టీచరే, ఆవిడకీ ఇదే. పొద్దున బానే ఉండేది, సాయంత్రానికి పిలిస్తే గాలి తప్ప మాట వచ్చేది కాదు. ఈఎన్‌టీ డాక్టర్ సన్న కెమెరా గొట్టం ముక్కులోంచి పెట్టి చూపించారు, రెండు స్వరతంత్రుల మీద, అంటే గొంతులో అదురుతూ మాట పుట్టించే మడతల మీద, ఎదురెదురుగా చిన్న బుడిపెలు. మాట్లాడేటప్పుడు ఆడవాళ్ళ గొంతులో ఆ తంత్రులు సెకనుకి 200 సార్లు దాకా ఒకదానికొకటి తగులుతుంటాయంట, రోజంతా అరిస్తే రోకలి పట్టిన చేతికి కాయలు కాసినట్టే అక్కడా కాస్తాయి. వీటికి ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు, స్పీచ్ థెరపీతోనే తగ్గుతాయి, అమ్మకీ అలాగే తగ్గింది కానీ కొన్ని నెలలు పట్టింది.

మీకూ అదేనని నేను చెప్పలేను, ఎసిడిటీ వల్ల కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, చూడకుండా తెలీదు. బొంగురు నాలుగు వారాలు దాటితే చూపించుకోవాల్సిందే, గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో కూడా ఈఎన్‌టీ ఓపీ ఉంది. రక్తం పడినా, మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా అస్సలు ఆగొద్దు, ఊపిరాడకపోతే నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళండి.

ఈలోపు క్లాసులో మంచినీళ్ళ సీసా పెట్టుకోండి, ఊరికే గొంతు సవరించుకోవద్దు, రాత్రి కారాలు తగ్గించి పడుకునే మూడు గంటల ముందే తినేయండి. డాక్టర్ ఏమన్నారో చెప్పండక్కా.