కెమెరాల కంటే ముందు గడియ సంగతి చూడండి

మీరు అడిగినవి రెండు. డెబ్బై దాటిన అమ్మానాన్నలు తమ ఇంట్లోనే ఉంటామంటున్నారు, కెమెరాలు పెట్టించాలా అన్నది ఒకటి. పదిహేనేళ్ళ కిందటి వీలునామా ఉంది, మళ్ళీ రాయించాలా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు: కెమెరాల వాడికంటే ముందు వడ్రంగిని పిలవండి. రెండోదానికి: ఆ వీలునామా బయటకు తీసి వాళ్ళచేతే పైకి చదివించండి. అందులోని పేర్లలో ఎన్ని మిగిలాయో అప్పుడు తెలుస్తుంది. ఈ రెండు పనులూ ఒకే సెలవులో కానివ్వాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. మా దగ్గరకు రమ్మంటే, "నా ఇంట్లో చీకట్లో కూడా దారి తెలుసు. మీ ఇంట్లో పట్టపగలే తడుముకోవాలి" అని తేల్చేసింది. అమెరికాలో ఉన్న అన్నయ్య హాల్లో, వంటింట్లో, వాకిట్లో కెమెరాలు పెట్టించాడు. పక్కింటి పిన్నిగారి దగ్గర ఇంకో తాళంచెవి ఉంచాం. చూసిన బంధువులంతా మమ్మల్ని మెచ్చుకున్నారు కూడా.

ఒక ఉదయం ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. అన్నయ్య తన ఫోనులో చూసి, హాలు మామూలుగానే ఉంది, కుర్చీ ఖాళీగా ఉంది, పెరట్లో ఉండి ఉంటుంది అన్నాడు. నాకు మనసు ఒప్పక పిన్నిగారికి చెప్పాను. ఆవిడ తాళంచెవి తీసుకుని వెళ్ళారు. తాళం వచ్చింది, తలుపు రాలేదు. లోపల పైన ఇత్తడి గడియ వేసి ఉంది. జానెడు పొడవుండే ఆ గడియను దొంగల భయంతో నాన్నే పెట్టించారు. అది పడ్డాక బయట ఎవరి చేతిలో ఎన్ని తాళంచెవులున్నా ఒకటే.

పిన్నిగారు ఇంటి చుట్టూ తిరిగి స్నానాల గది వెంటిలేటరు కింద నిలబడి పిలిచారు. లోపలి నుంచి అమ్మ, "కంగారు పడకండి. కాలు మడతపడింది, లేవలేకపోతున్నాను" అంది. వడ్రంగి వచ్చి వెనక తలుపు పలక కోసి, చెయ్యి దూర్చి గడియ తీశాడు. అక్కడితో అయిపోలేదు. స్నానాల గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది, అమ్మ దానికి అడ్డంగా పడి ఉంది. స్పృహలో ఉంది కాబట్టి మోచేతుల మీద జరిగి, మనిషి పట్టేంత సందు ఇచ్చింది. స్పృహ తప్పి ఉంటే ఆ తలుపు కూడా కోయాల్సి వచ్చేది. పిన్నిగారు లోపలికి వెళ్ళేసరికి అమ్మ చేతిలో తువ్వాలు ఆరేసే కడ్డీ ఉందట. స్క్రూలతో, గోడ సున్నంతో సహా ఊడి వచ్చింది. జారినప్పుడు పట్టుకున్నది దాన్నే.

మూడు కెమెరాలూ ఆ ఉదయమంతా చక్కగా పనిచేశాయి. కుర్చీ చాలా స్పష్టంగా కనిపించింది.

అందుకే కెమెరాల మాట ఎత్తితే నాకు చిర్రెత్తుకొస్తుంది. పెద్దవాళ్ళు పడేది స్నానాల గదిలో, మంచం పక్కన, మెట్ల దగ్గర. కెమెరా పెట్టకూడని చోట్లూ దాదాపు అవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు, వాళ్ళలో అరవై దాటినవారే ఎక్కువ. పడ్డాక ఎవరు చూస్తారన్నది తర్వాతి ప్రశ్న. పడేటప్పుడు చేతికి ఏం అందుతుందన్నది మొదటి ప్రశ్న. తువ్వాలు కడ్డీ తువ్వాలు బరువుకే చేసినది. మనిషి బరువు ఆపాలంటే గోడలోకి లోతుగా బిగించిన పిడి కావాలి. రబ్బరు కప్పుతో గోడకు అతుక్కునే రకాన్ని నమ్మకండి. నమ్మకంగా పట్టుకున్న క్షణంలోనే అది ఊడి వస్తుంది.

మా ఇంట్లో ఆ తర్వాత జరిగినవి చిన్న పనులే. ఇత్తడి గడియ తీసేసి, లోపల వేసినా బయటి నుంచి తాళంచెవితో తీయగలిగే తాళం పెట్టించాం. స్నానాల గది తలుపు బయటకు తెరుచుకునేలా తిప్పించి, లోపలి బోల్టు బయటి నుంచి కూడా తిప్పగలిగేది వేయించాం. రెండు పిడులు, ఒక గట్టి స్టూలు వచ్చాయి. మంచం నుంచి స్నానాల గది దాకా రాత్రి వెలిగే చిన్న దీపాలు పెట్టాం. అమ్మకు ఎంతో ఇష్టమైన, కాళ్ళు తుడుచుకునే పట్టాలు మాత్రం పెద్ద గొడవే తెచ్చాయి. అంచు కాలికి తగిలితే చాలు, పడిపోతారని డాక్టరు చెప్పాకే వదులుకుంది. మందులన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టమని కూడా చెబుతాను. నిద్రమాత్రలు, బీపీ మాత్రలు, కొన్ని జలుబు మాత్రలు కూడా లేచి నిలబడగానే తల తిరిగేలా చేయగలవు. నలుగురు డాక్టర్లు నాలుగు చీటీలు రాస్తారు, నాలుగూ కలిపి చూసేవాళ్ళుండరు.

ఇక కాగితాలు. ఆసుపత్రిలో ఆరోగ్య బీమా పాలసీ అడిగితే అమ్మ ఫైలు మొత్తం తీసుకెళ్ళాను. పాలసీ కోసం వెతుకుతుంటే వీలునామా చేతికొచ్చింది. నాన్న ఉన్న రోజుల్లో అమ్మ రాసుకున్నది. మొదటి వాక్యంలోనే అంతా నాన్నకు. దాన్ని అమలు జరిపే బాధ్యత పెదనాన్నకు, ఆయనా లేరు. పొలం పక్కనున్న స్థలం ఎవరికన్నది ఒక పేరా నిండా ఉంది, ఆ స్థలం అమ్మేసి చాలా కాలమైంది. అన్నిటికన్నా నన్ను ఆపింది నాన్న పేరు మీద నీలి సిరాతో స్కేలు పెట్టి కొట్టేసిన గీత. దాని పక్కన అమ్మ పొట్టి సంతకం, తేదీ. ఎవరికీ చెప్పకుండా ఒక్కతే కూర్చుని వీలునామాను సరిదిద్దుకుంది.

ఆ దిద్దుబాటు చెల్లదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు ఎలా కావాలో, తర్వాత చేసే మార్పుకూ అలాగే కావాలి. ఒంటరి గీతకు, ఒంటరి సంతకానికి విలువ లేదు. చిన్న మార్పయితే సాక్షులతో అనుబంధ వీలునామా రాసుకోవచ్చు. మార్పులు ఎక్కువైతే పాతవన్నీ రద్దు చేస్తున్నానని మొదటి వాక్యంలోనే రాసి కొత్తది రాయడం మేలు. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించమనే నేనంటాను. రేపు ఎవరైనా ఇది దొంగ కాగితమంటే, మాట్లాడాల్సిన మనిషి అప్పటికి ఉండరు కదా.

వీలునామా రాయగానే పని అయిపోయిందనుకునేవాళ్ళను చూస్తే ఇల్లలకగానే పండగ కాదన్న సామెతే గుర్తొస్తుంది. అమ్మ ఫిక్స్‌డ్ డిపాజిట్లలో నామినీగా ఇంకా నాన్న పేరే ఉంది. పాస్‌బుక్‌లో చూస్తే నామినేషన్ నమోదైందని మాత్రమే ఉంది, ఎవరి పేరో లేదు. అడిగితేగానీ తెలియలేదు. పోయిన మనిషి నామినీగా ఉంటే నామినేషన్ లేనట్టే, వారసులు మళ్ళీ కాగితాల చుట్టూ తిరగాల్సిందే.

ఇక్కడ మన బంధువుల్లో ప్రతివాడూ లాయరే. నామినీ అంటే యజమాని అని ఘంటాపథంగా చెబుతారు. బ్యాంకు డిపాజిట్లలో నామినీ డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, ఆ డబ్బు ఎవరిదన్నది వీలునామా, అది లేకపోతే వారసత్వ చట్టం తేలుస్తాయి. షేర్ల విషయంలోనూ అంతేనని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో చెప్పింది. జీవిత బీమాలో 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే లెక్క వేరు, అక్కడ ఆ డబ్బు వాళ్ళదే. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు, ఎవరికెంత భాగమో రాయవచ్చు. అన్నదమ్ముల మధ్య సగం తగువులు దీనితోనే తగ్గుతాయని నా నమ్మకం. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇంకొకటి గమనించాలి. అక్కడ రిటైర్మెంటు ఖాతాలకు సాధారణంగా ఫారంలో రాసిన పేరే చెల్లుతుంది, వీలునామా కాదు. విడాకులైనా ఫారంలో పేరు మార్చని ఒకాయన డబ్బు మాజీ భార్యకే చెందుతుందని 2001లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఈ మాట చెప్పాక అన్నయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత తన ఫారాలన్నీ తీసి చూసుకున్నాడట.

పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున వ్యవహారాలు చూడమని ఇంకొకరికి రాసిచ్చే పత్రం ఉంది కదా, ఇవన్నీ ఎందుకు అంటారు చాలామంది. మన దేశంలో అది ఇచ్చిన మనిషి పోతే పోతుంది. మతిస్థిమితం తప్పినా పోతుంది. అంటే మతిమరుపు జబ్బు ముదిరి, సరిగ్గా అవసరమైన వేళకు అది పనికిరాదు. అందుకని అమ్మ రోజువారీ ఖర్చుల ఖాతాను నాతో ఉమ్మడిగా మార్చుకుంది. పెద్ద డిపాజిట్లు తన పేరు మీదే ఉంచుకుంది, అదే సబబు. ఇల్లు ఇప్పుడే పిల్లల పేర రాసిచ్చేయమని సలహా ఇచ్చే చుట్టాలు కూడా తగిలారు. వాళ్ళ మాట వినకండి. వీలునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దానపత్రం అలా కాదు. చూసుకోవాలన్న షరతుతో ఇచ్చి, అది తప్పితే రద్దు కోరడానికి 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో దారి ఉంది. కానీ డెబ్బై అయిదేళ్ళప్పుడు కన్నబిడ్డ మీద ట్రిబ్యునల్‌కు వెళ్ళడం ఏ తల్లికి రావాల్సిన గతి?

ఆసుపత్రి కాగితాలు చూశాక అమ్మే ఇంకో మాట అంది: "నాకు గొట్టాలు పెట్టి నెలల తరబడి ఉంచొద్దు." దానికీ కాగితం ఉంది. వైద్యం ఎంతవరకన్నది ముందే రాసిపెట్టుకోవడాన్ని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. ఈ మాట ఎత్తగానే చావు మాటలెందుకని మా మేనత్త ఫోను పెట్టేసింది. అమ్మ మాత్రం కళ్ళజోడు అడిగి, రాయమని చెప్పి, పదం పదం దిద్దించింది. ఈ మాటలకు భయపడేది పెద్దవాళ్ళు కాదు, మనమే.

మీ రెండు ప్రశ్నలకూ వస్తే, కెమెరా కావాలంటే వాళ్ళను అడిగి వాకిట్లో ఒకటి పెట్టండి, చాలు. రోజూ ఉదయం ఫలానా వేళకు ఫోను, ఎత్తకపోతే ఎవరు ముందు వెళ్ళాలన్నది ముందే తేలి ఉండాలి. అత్యవసర నంబరు 112తో పాటు వృద్ధుల సహాయ నంబరు 14567 కూడా పెద్ద అక్షరాలతో ఫోను పక్కన అతికించండి. వీలునామాను ఇంట్లో పెళ్ళి, పుట్టుక, చావు, ఆస్తి అమ్మకం ఏది జరిగినా బయటకు తీయాలి. ఏమీ జరగకపోయినా మూడేళ్ళకోసారి చదవాలి. అసలు కాగితం ఎక్కడుందో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. లాకరులో పెట్టి, ఆ లాకరుకు నామినీ లేకపోతే వీలునామా ఉండి ఏం లాభం?

బ్యాంకుకు మాత్రం డిపాజిట్ రసీదులన్నీ పట్టుకుని ఒకేసారి వెళ్ళండి, ఒక్కోదానికి నామినీ విడిగా ఉంటుంది. మార్చమంటే కౌంటరులో అబ్బాయి తల ఎత్తకుండా "ఎక్కించేశాం అమ్మా" అంటాడు. నామినేషన్ అందినట్టు రసీదు ఇవ్వడం బ్యాంకు బాధ్యత. పేరు, ముద్ర ఉన్న ఆ కాగితం చేతికి వచ్చేదాకా అమ్మానాన్నలను ఆ కుర్చీలోంచి లేవనివ్వకండి.