అత్తవారింటి అడ్రసు, కన్నవారింటి కార్డు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మూలం ఒకటే. పెళ్ళై రాష్ట్రం దాటి వచ్చిన అమ్మాయి దగ్గర కాగితాలన్నీ ఉంటాయి, ఒక్కటీ పనికిరాదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వారికే ఇచ్చాం.

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా కోడలి కన్నవారిల్లు ఆంధ్రాలో పాతపట్నం దగ్గర పల్లె. రేషన్ కార్డులో పేరెక్కించమంటే ముందు ఆధార్‌లో అడ్రసు మార్చుకు రమ్మన్నారు. ఆధార్ సెంటరుకి వెళ్తే ఇక్కడి అడ్రసుకి రుజువు అడిగారు. ఆ రుజువు కోసమే కదా రేషన్ కార్డు! మావాడు సూరత్‌లో పని చేస్తున్నాడు. కోడలికి ఇక్కడి ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే సుభద్ర డబ్బులు కూడా రావడం లేదు. ఎక్కడ మొదలెట్టాలి?
– ఒక అత్తగారు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, మ్యారేజ్ సర్టిఫికెట్‌తో మొదలెట్టండి. మీరు చెప్పిన ముడి విప్పేది అదే. శుభలేఖ, గుడి రసీదు, సర్పంచి రాసిచ్చిన కాగితం దాని బదులు పనికిరావు. హిందూ వివాహాల రిజిస్ట్రేషన్ 1955 నాటి చట్టం ప్రకారం జరుగుతుంది. పెళ్ళి జరిగిన చోట గానీ, వధూవరుల్లో ఒకరి నివాసం ఉన్న చోట గానీ చేయించుకోవచ్చు. పెళ్ళి పాతపట్నం వైపు జరిగి ఉంటే అక్కడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించడమే సుఖం. సాక్షులు దగ్గర్లోనే ఉంటారు, అమ్మాయి పదో తరగతి మెమో, ఆధార్ అక్కడివే కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. అబ్బాయి మాత్రం సంతకానికి రావాల్సిందే. సూరత్ నుంచి వచ్చే తేదీ చూసుకుని ముందే స్లాట్ తీసుకోండి. పెళ్ళి ఫొటో, శుభలేఖ, ఇద్దరి వయసు రుజువులు, ఇద్దరి ఆధార్‌లు, సాక్షుల గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకోండి. సర్టిఫికెట్ చేతికిచ్చాక కౌంటరు వదలకముందే ఇద్దరి పేర్లూ మెమోల్లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూడండి. ఇక్కడ పడ్డ తప్పు తర్వాతి కాగితాలన్నిటికీ పాకుతుంది.

రెండోది ఆధార్. మీ కోడలి పేరుతో ఇక్కడ కరెంటు బిల్లు గానీ బ్యాంకు పాస్‌బుక్ గానీ ఉండనక్కర్లేదు. 2023 నుంచి ‘కుటుంబ పెద్ద’ ద్వారా అడ్రసు మార్చుకునే పద్ధతి ఉంది. మైఆధార్ పోర్టల్‌లో కోడలు లాగిన్ అయి, భర్త ఆధార్ నంబరు వేసి, సంబంధానికి రుజువుగా మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టాలి. భర్త ఫోనుకి మెసేజ్ వెళ్తుంది. ఆయన తన లాగిన్‌లోకి వెళ్ళి 30 రోజుల్లోపు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోయినా, చూసి ఊరుకున్నా దరఖాస్తు మూసేస్తారు, కట్టిన ఫీజు తిరిగి రాదు.

చాలామందికి దెబ్బ తగిలేది మూడు చోట్ల. ఒకటి, కోడలి ఆధార్‌కి కన్నవారింట్లో నాన్న ఫోను నంబరే ఉంటుంది, ఓటీపీ అక్కడికి పోతుంది.  నంబరు మార్పుకి ఆధార్ సెంటరుకి వెళ్ళి వేలిముద్ర వేయవచ్చు, కాగితాలేవీ అడగరు. రెండు, భర్త ఆధార్‌కి ఉన్న పాత సిమ్ సూరత్ వెళ్ళాక మూలపడి ఉంటుంది. అలాగైతే ముందు ఆయన నంబరు సరిచేసుకోవాలి. మూడు, భర్త ఆధార్‌లో సూరత్ అడ్రసు ఉంటే కోడలికీ అదే అడ్రసు వచ్చి కూర్చుంటుంది. ఆయనది పర్లాకిమిడి అడ్రసే అని చూసుకున్నాకే అప్లై చేయండి. ఇద్దరూ సెంటరుకే వెళ్ళగలిగితే ఫోను నంబరు, అడ్రసు ఒకే దరఖాస్తులో మార్పించండి. ఫీజు ఒక్కసారే, 75 రూపాయలు. సందేహాలకి 1947కి ఫోన్ చేయండి.

తర్వాత రేషన్. రెండు కార్డుల్లో ఒకే ఆధార్ నంబరు ఉంటే కంప్యూటర్ తీసుకోదు. కాబట్టి కన్నవారి ఊరి సచివాలయంలో ముందు పేరు తీయించి, తీసినట్టు కాగితం తెచ్చుకోవాలి. పేరు అక్కడ పోయి ఇక్కడ ఎక్కేలోగా బియ్యం లేని నెలలు రాకుండా, మ్యారేజ్ సర్టిఫికెట్, ఆధార్ రెండూ చేతికొచ్చాకే తీయించండి. అందాకా ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ కింద కన్నవారి కార్డు మీద ఆమె వాటా పర్లాకిమిడి డిపోలోనే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఆ కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందది అయి ఉండాలి. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులకి ఈ సదుపాయం లేదు. కార్డు ఏ రకమో తెలియకపోతే 14445కి ఫోన్ చేసి అడగండి.

సుభద్ర ఏడాదికి 10,000 రూపాయలు, రెండు విడతల్లో 5,000 చొప్పున వస్తుంది. 21 నుంచి 60 ఏళ్ళ వయసు ఉండాలి. అప్లై చేసినా డబ్బు కనపడకపోతే బ్యాంకు సీడింగ్ చూడండి. ప్రభుత్వం పంపే డబ్బు మీరు ఫారంలో రాసిన ఖాతాలోకి కాదు, ఆధార్‌తో ఆఖరున ఏ బ్యాంకుని జోడించారో దాంట్లోకి పోతుంది. అది పెళ్ళికి ముందు తెరిచిన పాతపట్నం ఖాతా కావచ్చు. మైఆధార్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ అని ఉంటుంది, అక్కడ బ్యాంకు పేరు కనిపిస్తుంది. ఇక్కడి ఖాతా ఆమె ఒక్కరి పేరు మీదే ఉండాలి. అత్తాకోడళ్ళ జాయింటు ఖాతా కుదరదు.

ప్రశ్న: మా తమ్ముడి భార్యది మంచిర్యాల. పెళ్ళయ్యాక ఆధార్‌లో మా ఇంటిపేరు పెట్టించాలని ఇంట్లో పెద్దవాళ్ళ పట్టు. పెట్టించవచ్చా?
– బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా

జవాబు: పెట్టించవచ్చు. పెట్టించవద్దని మా గట్టి సలహా. భార్య ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. పదో తరగతి మెమోలో పేరు ఎటూ పాతదే ఉంటుంది. ఆధార్‌లో కొత్త పేరు వచ్చిన రోజు నుంచి పాన్, బ్యాంకు, పీఎఫ్, పాస్‌పోర్టు అన్నిటికీ ‘ఈమే ఆమె’ అని నిరూపించుకుంటూ తిరగాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. ఆ రెండింటిలో ఒకటి ఇంటిపేరుకి ఖర్చు పెడితే, రేపు నిజంగా అక్షరం తప్పు పడినప్పుడు వాడుకోవడానికి ఒక్కటే మిగులుతుంది. పాన్ కార్డులో ఉండేది తండ్రి పేరు. పెళ్ళైందని దాన్ని మార్చే పనే లేదు.

పేరు మార్చవద్దనుకున్నా దానంతట అది మారిపోయే ప్రమాదం మీ ప్రాంతంలో ఉంది. అడ్రసు కోసం వెళ్ళినప్పుడు ఆపరేటరు మరాఠీ పద్ధతిలో పేరు పక్కన భర్త పేరు, ఆ తర్వాత మీ ఇంటిపేరు కొట్టేస్తాడు. వాళ్ళకది మామూలు అలవాటు, చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. స్పెల్లింగ్ ఇంకో సంగతి. స్వాతి, గీత లాంటి పేర్లలో ‘టి’ పక్కన ‘హెచ్’ మనవాళ్ళు రాస్తారు, మరాఠీ ఆపరేటరు రాయడు. లక్ష్మిలో మనం ‘కె, ఎస్, హెచ్’ రాసే చోట ఒడిశాలోనూ మహారాష్ట్రలోనూ ‘ఎక్స్’ పడుతుంది. వత్తు పోయిన ఆ ఒక్క ‘హెచ్’ వల్లే పాన్, ఆధార్ కలవక ఖాతాలు ఆగిపోతాయి. స్క్రీను మీ వైపు తిప్పమని అడిగి, ఇంగ్లిష్ పేరు మెమోతో పోల్చుకుని, ఆ తర్వాతే వేలిముద్ర వేయించండి. పక్కన మరాఠీలో పడే పేరు కూడా చదవగలిగిన వాళ్ళని వెంట తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా తల్లిగారిల్లు ఆసిఫాబాద్ జిల్లాలో. మేము గోండులం, మా ఆయన కూడా గోండే. ఇక్కడ తహసీల్ ఆఫీసులో నాకు ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వబోమని అంటున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ గోండులు ఎస్టీయే కదా?
– రాజురా తాలూకా

జవాబు: అవును, రెండు జాబితాల్లోనూ గోండులు ఉన్నారు. అయినా మీరు మహారాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగానికి గానీ, సీటుకి గానీ, పథకానికి గానీ అక్కడి ఎస్టీగా లెక్కకు రారు. వినడానికి అన్యాయంగానే ఉంటుంది, కానీ చట్టం స్పష్టంగా ఉంది. షెడ్యూల్డ్ తెగల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానికే ‘సంబంధించి’ ఇచ్చినది. తెనాలిలో పుట్టి ముంబయిలో మెడికల్ సీటు అడిగిన మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మళ్ళీ ఖాయం చేసింది. కులం, తెగ పుట్టుకతో వచ్చేవి. పెళ్ళితో భర్త సర్టిఫికెట్ భార్యకి బదిలీ కాదు.

మీకు మిగిలేది చిన్నదేం కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి, కేంద్ర విద్యాసంస్థలకి మీరు ఎస్టీయే. దానికి కావలసింది తెలంగాణ సర్టిఫికెట్, తండ్రి పేరుతో. ఆధార్ అడ్రసు మారాక మీసేవలో తీసుకోవడం కష్టమవుతుంది కాబట్టి అడ్రసు మార్చకముందే తీసుకోండి. తండ్రి కుల ధ్రువీకరణ, మీ బడి రికార్డు కూడా తెచ్చి దాచుకోండి. మీ పిల్లల విషయంలో భయం లేదు, వాళ్ళకి తండ్రి వైపు నుంచి మహారాష్ట్ర సర్టిఫికెట్ వస్తుంది. అయితే మహారాష్ట్రలో సర్టిఫికెట్ మీద ‘వ్యాలిడిటీ’ (అది సరైనదేనన్న ధ్రువీకరణ) కూడా కావాలి. దానికి 1950 సెప్టెంబరు 6కి ముందు నుంచి ఆ కుటుంబం అక్కడిదని చూపే పాత కాగితాలు అడుగుతారు. తాతల నాటి భూమి రికార్డు, బడి రిజిస్టరు నకలు మీ మామగారి చేత ఇప్పుడే వెతికించండి. పిల్లవాడు పన్నెండో తరగతికి వచ్చాక మొదలెడితే అడ్మిషన్ తేదీ దాటిపోతుంది.

ప్రశ్న: ఇక్కడ ఓటుకి కొత్తగా ఫారం 6 నింపమని ఒకరు, ఫారం 8 అని ఒకరు చెబుతున్నారు.
– జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: ఇదివరకు ఎక్కడా ఓటు లేకపోతేనే ఫారం 6. పుట్టింటి ఊళ్ళో ఓటు ఉంటే రాష్ట్రం మారినా ఫారం 8 చాలు, కార్డు నంబరు కూడా అదే ఉంటుంది. పాతది దాచి ఫారం 6 నింపితే రెండు చోట్ల పేరు పడుతుంది. అందులో ఇచ్చే అబద్ధపు డిక్లరేషన్‌కి 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు ఉంది. ఆంధ్రా, ఒడిశా రెండూ తమవనే కొఠియా గ్రామాలకీ, జీవతి తాలూకాలో మహారాష్ట్ర, తెలంగాణ మధ్య వివాదంలో ఉన్న 14 గ్రామాలకీ కోడలిగా వెళ్ళిన వారు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. రెండు కార్డులుంటే రెండు పక్కలా పథకాలు వస్తాయని ఎవరు చెప్పినా వినకండి.

ప్రశ్న: నాకు బరంపురం సంబంధం కుదిరింది. అబ్బాయి అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నారు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పూర్తి పేరంతా ఒకే గడిలో పడింది. వెళ్ళగానే సోషల్ సెక్యూరిటీ నంబరు వస్తుందా?
– ఒక పాఠకురాలు, ఇచ్ఛాపురం

జవాబు: ముందు ఆ ఖాళీ గడి సంగతి. అలాగే వీసాకి వెళ్తే అమెరికా వాళ్ళు మీ పేరంతా ఇంటిపేరు గడిలో వేసి, పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని కొడతారు. ‘మొదటి పేరు తెలియదు’ అని దాని అర్థం. ఆ మూడక్షరాలే మీ పేరుగా లైసెన్సు దాకా వెంట వస్తాయి. వీసాకి ముందే పాస్‌పోర్టు రీ-ఇష్యూకి పెట్టి ఇంటిపేరు విడగొట్టించండి. పెళ్ళికి ముందే ఆ పని అయితే పోలీసు వెరిఫికేషన్ ఇచ్ఛాపురంలో తేలిగ్గా అయిపోతుంది. పెళ్ళయ్యాక పెడితే ఇప్పుడుంటున్న అడ్రసు నిజంగా ఏదో అదే రాయండి, ఏడాది లోపల ఉన్న పాత అడ్రసు కూడా చూపండి. కన్నవారింటి అడ్రసు ఇచ్చి బరంపురంలో ఉంటే, పోలీసు వచ్చేసరికి మనిషి లేదని రిపోర్టు రాస్తారు. అప్పుడు ఫైలు ఆగిపోతుంది. వీసాకి కోల్‌కతా పోనక్కర్లేదు, ఒడిశా కూడా హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోదే. మ్యారేజ్ సర్టిఫికెట్ అసలుది చేతిలో ఉండాలి.

ఇక నంబరు. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ వారి భార్యగా, వెళ్ళేవారికి పని చేసే అనుమతి లేనిదే సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. మీ భర్తకి గ్రీన్ కార్డు దారిలో ఐ-140 (ఆయన కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చి ఉంటే మీరు ఆ అనుమతికి దరఖాస్తు చేయవచ్చు. అందాకా నంబరు లేకుండానే సంసారం నడుస్తుంది, కంగారు పడకండి. దిగిన వారంలో ఐ-94 అనే ప్రవేశ రికార్డు ఆన్‌లైన్‌లో తీసి పేరు, పుట్టినతేదీ, వీసా తరగతి, గడువు చూడండి. పాస్‌పోర్టుకీ దానికీ ఒక్క అక్షరం తేడా ఉన్నా డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసు మీ వీసా స్థితిపై చేసే ‘సేవ్’ తనిఖీలో మీరు దొరకరు, వారాలు గడుస్తాయి. తప్పుంటే సరిచేసేది విమానాశ్రయాల దగ్గరుండే కస్టమ్స్ వారి డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసు. తనిఖీ ఎక్కడిదాకా వచ్చిందో ‘సేవ్ కేస్‌చెక్’ పేజీలో మీరే చూసుకోవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సుకి, మీకు నంబరు అర్హత లేదన్న లేఖ సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచి తెమ్మంటారు. ముందే తెచ్చుకుంటే ఒక తిరుగుడు తగ్గుతుంది. ఇంటి అద్దె ఒప్పందంలో, కరెంటు బిల్లులో, బ్యాంకు ఖాతాలో మొదటి నెల నుంచే మీ పేరు కూడా చేర్పించండి. అక్కడ మీ అడ్రసు రుజువులు అవే.

పన్ను రిటర్ను ఇద్దరూ కలిపి వేయాలంటే మీకు ఐటిన్ (పన్ను కోసం ఇచ్చే గుర్తింపు నంబరు) కావాలి. దాని ఫారం డబ్ల్యూ-7 విడిగా కాదు, రిటర్నుతో కలిపి పంపాలి. పాస్‌పోర్టు అసలుది పోస్టులో పంపకండి. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) సహాయ కేంద్రంలో గానీ, వారు గుర్తించిన ఏజెంటు దగ్గర గానీ చూపించి ధ్రువీకరించుకుంటే అది మీ దగ్గరే ఉంటుంది. నంబరు రావడానికి మామూలుగా ఏడు వారాలు, జనవరి మధ్య నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా అయితే 9 నుంచి 11 వారాలు పడుతుంది.