ఏటి ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం కలిసి గాలి నింపే రబ్బరు పడవ, 5 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు కొన్నాం. రాజమండ్రి నుంచి పాపికొండల మీదుగా కూనవరం దాకా గోదావరిలోనే వెళ్ళాలని ఉంది. వరద హెచ్చరిక లేని రోజు చూసుకుని బయల్దేరితే చాలా? (తాడేపల్లిగూడెం పాఠకుడు)

జవాబు: చాలదండీ. ముందు దారి సంగతి చూద్దాం. పోలవరం దగ్గర నదికి అడ్డంగా కాఫర్ డ్యామ్ (ప్రధాన డ్యామ్ పనుల కోసం వేసే తాత్కాలిక కట్ట) కట్టి, 2021లో నదిని స్పిల్‌వే (గేట్లలోంచి నీళ్ళు వదిలే కట్టడం) మీదుగా మళ్ళించాక రాజమండ్రి నుంచి పైకి పడవ దారి తెగిపోయింది. టూరిజం బోట్లు కూడా గండిపోచమ్మ గుడి దగ్గరి రేవు నుంచే కదులుతున్నాయి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్ళు పోచవరంలో ఎక్కుతారు. మీరూ పడవను బండి మీద గండిపోచమ్మ దాకా తెచ్చి అక్కడే నీళ్ళలోకి దించాలి.

ఇక హెచ్చరిక. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. భద్రాచలంలో 43 అడుగులకు. ఈ అంకెలు పెట్టింది ఒడ్డున ఉన్న ఊళ్ళ కోసం, పడవల కోసం కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగిన రోజు నదిలో ఉన్న ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. మొదటి హెచ్చరికలో సగం! రాజమండ్రి దగ్గర రెండున్నర కిలోమీటర్లు దాటి పరుచుకునే నది ఆ కొండల మధ్య కొన్ని వందల మీటర్లకు ఇరుకవుతుంది. అదే నీరు అక్కడ లోతుగా, వడిగా పారుతుంది. మలుపుల్లో కొండను కొట్టుకుని వెనక్కి తిరిగి సుడులు పుడతాయి. కాబట్టి ‘హెచ్చరిక లేదు’ అన్న మాటకు పడవవాళ్ళ లెక్కలో విలువ లేదు. నీరు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే చూడండి. మూడు రోజుల మట్టాలు వరుసగా రాసుకుని, పెరుగుతూ ఉంటే మానుకోండి.

భద్రాచలం మట్టం ఒక్కటే చూడడం కూడా పొరపాటే. శబరి గోదావరిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. శబరికి వరదొస్తే భద్రాచలం కొలబద్ద మీద కనబడకుండానే మీ దారిలోకి నీళ్ళొస్తాయి. కూనవరం మట్టం విడిగా అడగండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. డిసెంబరు, జనవరుల్లో మంచు విడిచాకే బయల్దేరండి. కాఫర్ డ్యామ్ ఎగువన నిలిచిన నీళ్ళ కింద పాత ఊళ్ళ గోడలు, కరెంటు స్తంభాలు, చెట్ల మోళ్ళు ఉన్నాయి. అక్కడ దగ్గరదారి అని ఒడ్డువార వెళ్ళకుండా నడి ఏరు పట్టుకోండి. నీటి మీద ముడత ఇంగ్లీషు ‘V’ ఆకారంలో ఉండి దాని కొన మీకు ఎగువ వైపు చూపిస్తే అడుగున బండో మోడో ఉన్నట్టు. కొన దిగువకు చూపిస్తే రెండు అడ్డంకుల మధ్య లోతైన దారి ఉన్నట్టు. మలుపులో బయటి వైపు లోతు, వడి ఎక్కువ. లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది. ఎదురెక్కేటప్పుడు మేటకు కాస్త ఎడంగా, లోపలి వైపునుంచే పోవాలి. సుడి అంచును అడ్డంగా దాటితే పడవ ఒరుగుతుంది. పక్క చూపించకుండా, ముందు కొసను ఏటవాలుగా పెట్టి, వేగం తగ్గకుండా దాటండి. ఆ సమయంలో ఎవరూ లేచి నిలబడకూడదు.

2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం మోటారు పడవకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ (పడవను తనిఖీ చేసి ఇచ్చేది) కావాలి. రేవు దగ్గరి కంట్రోల్ రూమ్‌లో పేర్లు, తిరిగొచ్చే వేళ రాయించండి. పాపికొండలు నేషనల్ పార్క్ కాబట్టి, అటవీ శాఖ అనుమతి లేకుండా ఒడ్డున రాత్రి బస చేయొద్దు.

ప్రశ్న: మా మోటారు ఇసుక తిన్నెల దగ్గర మాటిమాటికీ వేడెక్కి ఆగిపోతోంది. ప్రయాణానికి ఏ విడిభాగాలు, ఎంత పెట్రోలు తీసుకెళ్ళాలి? (అమలాపురం పాఠకురాలు)

జవాబు: మోటారు నడుస్తున్నంతసేపూ దాని వెనకనుంచి సన్నటి నీటిధార చిమ్ముతూ ఉండాలి. ఇంజన్‌ను చల్లబరిచిన నీళ్ళే అవి. ధార సన్నబడి, చుక్కలుగా మారి, ఆవిరి వస్తోందంటే వెంటనే ఆపేయాలి. లోతులేని చోట ఫ్యాను (పడవను నెట్టే ప్రొపెల్లర్) ఇసుకను లేపుతుంది. అది నీళ్ళు పీల్చే జల్లెడను మూసేస్తుంది, లోపల ఆ నీళ్ళు తోడే రబ్బరు ఇంపెల్లర్ రెక్కలను అరగదీస్తుంది. ముందు జల్లెడ, ధార వచ్చే రంధ్రం సన్నటి తీగతో శుభ్రం చేయండి. అయినా ధార బలంగా రాకపోతే ఇంపెల్లర్ మార్చాల్సిందే. మోకాటిలోతు నీళ్ళలో మోటారు ఎత్తేసి గెడ వేయడం మేలు.

వెంట ఉండాల్సినవి: ఇంపెల్లర్, రెండు స్పార్క్ ప్లగ్గులు, ప్లగ్ స్పానర్, స్టార్టర్ తాడు, నాలుగు షియర్ పిన్నులు. ఫ్యాను బండకు తగిలితే గేర్లు పగలకుండా ముందు ఆ పిన్నే విరగాలి. అది విరిగితే మేకు ముక్క పెట్టేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ఈసారి గేరే పోతుంది. చేపల వల చుట్టుకుంటే కోయడానికి పదునైన కత్తి, మోటారు పూర్తిగా చచ్చిపోతే రెండు తెడ్లు.

టూ స్ట్రోక్ అయితే 50కి 1 కలిపేవాటిలో 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల ఆయిల్. పాత మోటార్లకు పాలు వేరు, కంపెనీ పుస్తకం చూడండి. పూర్తి వేగంలో 5 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ గంటకు రెండున్నర, మూడు లీటర్లు తాగుతుందని లెక్క వేసుకోండి. నిలకడ నీళ్ళలో గంటకు 9 కిలోమీటర్లు పోయే పడవ, గంటకు 4 కిలోమీటర్ల ఎదురు ప్రవాహంలో 5 కిలోమీటర్లే పోతుంది. 20 కిలోమీటర్లకు నాలుగు గంటలు, 12 లీటర్లు. అది పోవడానికే. వెంట తీసుకెళ్ళే మొత్తం పెట్రోలులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది ముట్టుకోకుండా ఉంచడానికి.

లంగరు ఎప్పుడూ ముందు కొసనుంచే వేయాలి, తాడు లోతుకు ఐదు రెట్లు ఉండాలి. ప్రవాహంలో వెనకనుంచి వేస్తే నీళ్ళు మోటారు వైపునుంచి లోపలికి ఎక్కి పడవను ముంచుతాయి.

ప్రశ్న: ఆరేళ్ళ పాపకు పెద్దవాళ్ళ లైఫ్ జాకెట్ బిగించి కడితే సరిపోదా? (ఖమ్మం పాఠకురాలు)

జవాబు: సరిపోదమ్మా. నీళ్ళలో జాకెట్ పైకి తేలుతుంది, పాప కిందికి జారిపోతుంది. బరువుకు తగినది, తల వెనక కాలరు, కాళ్ళ మధ్య పట్టీ ఉన్నది కొనండి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది పెద్దదే. పెద్ద లాంచీల్లో అద్దాలు మూసిన కింది గదిలో కూర్చోవద్దు. పడవ తిరగబడితే జాకెట్ మనిషిని పైకప్పుకు అదిమేస్తుంది, తలుపు వైపు ఈదనివ్వదు. ద్వారం పక్కనో పై అంతస్తులోనో కూర్చోండి.

ప్రశ్న: కయాక్‌లో ధవళేశ్వరం నుంచి అంతర్వేది వెళ్ళాలంటే కాలవ మంచిదా, వశిష్ఠ పాయ మంచిదా? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: కాలవలో అల ఉండదు కానీ లాకులు, తూములు, తక్కువ ఎత్తు వంతెనలు, గుర్రపు డెక్క అడ్డొస్తాయి. ప్రతిచోటా కయాక్‌ను గట్టెక్కించి మోయాలి. వేసవిలో మరమ్మతులకు కాలవలు కట్టేసినప్పుడు నీరే ఉండదు. పాయ మేలు. అయితే నరసాపురం దిగువన ఆటుపోట్లు లెక్క పెట్టుకోవాలి. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆటు మొదలవగానే తెడ్డు వేస్తే నీరే తీసుకెళ్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక అదే ఆటు గాలికి ఎదురుపడి, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నిటారు అలలు లేస్తాయి. ఉదయం పది గంటలలోపే అంతర్వేది రేవులో దిగేలా చూసుకోండి. ఆ మొగ దగ్గరున్న అన్నాచెల్లెళ్ళ గట్టు దాటి సముద్రం వైపు కయాక్ తిప్పకండి.