అరెకరం పాలీహౌస్‌కి ఆటో డోసింగ్: లైన్‌లో కలపాలా, ట్యాంకులో కలపాలా?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరు పక్క దొడ్డబళ్లాపుర దగ్గర అరెకరం పాలీహౌస్, కోకోపీట్ బ్యాగుల్లో క్యాప్సికం, బోరు నీళ్లు. ఇప్పుడు ఎరువులు చేత్తో కలుపుతున్నారు. ఈసీ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు చెప్పే విద్యుత్ వాహకత), పీహెచ్ చూసుకుని, పారే పైపులోకే తనే ఎరువు ఎక్కించే ఇన్‌లైన్ డోసర్ కొనాలా, ఈఎస్పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో సొంతంగా కట్టుకోవచ్చా?

ఆ సైజుకి ఇన్‌లైన్ డోసర్ వద్దండి. 2000 లీటర్ల మిక్సింగ్ ట్యాంకు ఒకటి, దాని పక్కనే 2000 లీటర్ల ఫీడ్ ట్యాంకు ఒకటి పెట్టండి. మొదటి దాంట్లో బ్యాచ్‌గా కలిపి, రీడింగులు సరిగ్గా ఉంటేనే రెండో దాంట్లోకి పంపండి. డ్రిప్‌కి నీళ్లు రెండో ట్యాంకు నుంచే పోవాలి. కంట్రోలర్ కొన్నదా, కట్టుకున్నదా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఎందుకో లెక్క చూడండి. అరెకరం అంటే సుమారు 2000 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి రెండున్నర మొక్కలనుకుంటే 5000 మొక్కలు, అన్నే డ్రిప్పర్లు. గంటకి 2 లీటర్లిచ్చే డ్రిప్పర్‌తో ఒక్కో విడతలో మొక్కకి 100 మి.లీ. పడాలంటే వాల్వు తెరిచి ఉండేది 3 నిమిషాలే. ఇన్‌లైన్‌లో ఎక్కించిన ఎరువు నీళ్లలో కలిసి ప్రోబ్ (కొలిచే సెన్సర్) దాకా రావాలి, ఆపైన పీహెచ్ రీడింగ్ నిలదొక్కుకోవాలి. దీనికే అర నిమిషం, ఒక్కోసారి నిమిషం పైన పడుతుంది. ఈలోపు కంట్రోలర్ ఇంకా తక్కువుందనుకుని మరింత ఎక్కిస్తుంది, తర్వాత ఎక్కువైందని ఒక్కసారి ఆపేస్తుంది. ఈ ఊగిసలాట సర్దుకునేలోపే విడత అయిపోతుంది. మొదటి లాటరళ్లకి (డ్రిప్ పైపు వరసలకి) ఉత్త నీళ్లు, మధ్యవాటికి చిక్కటి ద్రావణం చేరతాయి. గంటల తరబడి ఒకే ప్రవాహంతో నడిచే పెద్ద తోటల్లో ఇన్‌లైన్ చక్కగా పనిచేస్తుంది. మీ దగ్గర కాదు.

ఏదైనా కొనేముందు నీళ్ల పరీక్ష చేయించండి. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్‌లోగానీ, ఏదైనా మంచి ప్రైవేటు ల్యాబ్‌లోగానీ ఇవ్వండి. పీహెచ్, ఈసీ రెండే రాసిచ్చే రిపోర్టు చాలదు. బైకార్బొనేట్, కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడ్, ఐరన్, బోరాన్ కూడా అడగండి. అన్నిటికన్నా ముఖ్యం బైకార్బొనేట్. నీళ్ల పీహెచ్ 7.4 ఉందా 8 ఉందా అన్నదాన్ని బట్టి యాసిడ్ ఎంత పడుతుందో తెలియదు, బైకార్బొనేట్‌ని బట్టే తెలుస్తుంది.

ఉదాహరణకి బైకార్బొనేట్ లీటరుకి 305 మి.గ్రా. ఉందనుకోండి. 61తో భాగిస్తే 5 మిల్లీఈక్వివలెంట్లు (యాసిడ్ లెక్కకి వాడే కొలత). ఒకటి వదిలేసి నాలుగింటిని యాసిడ్‌తో తీసేయాలి. 60 శాతం నైట్రిక్ యాసిడ్ అయితే ఒక్కో మిల్లీఈక్వివలెంటుకి 1000 లీటర్ల నీళ్లకి సుమారు 77 మి.లీ. పడుతుంది. నాలుగింటికి 308 మి.లీ. ఈ యాసిడ్‌తోపాటు 56 పీపీఎం (లీటరుకి మి.గ్రా.) నైట్రోజన్ కూడా వస్తుంది. దాన్ని లెక్కలో పట్టకుండా ఎక్కడో దొరికిన రెసిపీని యథాతథంగా కలిపితే మొక్క ఏపుగా పెరుగుతుంది గానీ కాయ నిలబడదు.

అదే నీళ్లలో కాల్షియం 80 పీపీఎం, మెగ్నీషియం 25 పీపీఎం ఉన్నాయనుకుందాం. ఆర్వో నీళ్లకైతే 1000 లీటర్లకి 800 గ్రాముల కాల్షియం నైట్రేట్ వేస్తాం. మీ నీళ్లలోనే 80 ఉంది కాబట్టి 380 గ్రాములు చాలు. అలా తగ్గించినందుకు పోయిన నైట్రోజన్ 65 పీపీఎం, యాసిడ్‌తో వచ్చింది 56. దాదాపు సరిపోయింది. మన బోర్లలో గట్టి నీళ్లు పడ్డాయని చాలామంది వెంటనే ఆర్వో ప్లాంటుకి లక్షలు పోస్తారు. సోడియం, క్లోరైడ్ ఎక్కువ ఉంటే ఆర్వో తప్పదు. ఉన్నది కాల్షియం, బైకార్బొనేట్ మాత్రమే అయితే అది ఎరువు ఖర్చు తగ్గించే నీరే, భయపడక్కర్లేదు.

ఈ నీళ్లకి 500 లీటర్ల స్టాక్ ట్యాంకుల్లో నూరు రెట్ల చిక్కదనంతో ఇలా కలపవచ్చు. ఈ రెండు ట్యాంకుల్ని ‘ఏ’ (A), ‘బీ’ (B) అందాం. ‘ఏ’ ట్యాంకులో కాల్షియం నైట్రేట్ 19 కిలోలు, పొటాషియం నైట్రేట్ 17.5 కిలోలు, 6 శాతం ఐరన్ ఈడీడీహెచ్ఏ (చెలేటెడ్ ఐరన్) 1.65 కిలోలు. బీ ట్యాంకులో 0-52-34 (మోనోపొటాషియం ఫాస్ఫేట్) పది కిలోలు, నీటిలో పూర్తిగా కరిగే రకం 0-0-50 (పొటాషియం సల్ఫేట్) ఐదు కిలోలు, మెగ్నీషియం సల్ఫేట్ ఏడున్నర కిలోలు, ఐరన్ లేని మైక్రోన్యూట్రియంట్ మిక్స్ లేబుల్ ప్రకారం. రెండూ కలిసి 50,000 లీటర్లకి వస్తాయి. ఎండాకాలం రోజుకి 8000 లీటర్లు పోయినా ఆరు రోజులు. ఏ, బీ చిక్కగా ఉండగా ఒకదాంతో ఒకటి కలిస్తే కాల్షియం సల్ఫేట్, కాల్షియం ఫాస్ఫేట్ తెల్లటి మడ్డిగా దిగి డ్రిప్పర్లు పూడుకుపోతాయి. అందుకని రెండింటికీ ఒకే పైపు, ఒకే పంపు వాడకూడదు. కొలిచే మగ్గు కూడా వేరుగానే ఉంచండి.

యాసిడ్‌ని మూడో డ్రమ్ములో పది రెట్లు పలచన చేసి పెట్టుకోండి: 200 లీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డ్రమ్ములో ముందు 160 లీటర్ల నీళ్లు, తర్వాత 20 లీటర్ల యాసిడ్ నెమ్మదిగా, ఆపైన మిగతా నీళ్లు. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, యాసిడ్‌కి తట్టుకునే గ్లవ్స్ తప్పనిసరి. లైన్లు కడగడానికి తెచ్చిన బ్లీచ్ ఆ గదిలో ఉంచొద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది. యాసిడ్ తగిలే చోట ఇత్తడి ఫిట్టింగు ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇక పంపులు. 2000 లీటర్ల బ్యాచ్‌కి ఏ 20 లీటర్లు, బీ 20 లీటర్లు కావాలి. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న పెరిస్టాల్టిక్ పంపు నిమిషానికి 100 మి.లీ. ఇస్తుంది. దాంతో 20 లీటర్లు ఎక్కడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు. సొంతంగా కట్టుకునేవాళ్ల ప్రాజెక్టులు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. ఏ, బీలకి నిమిషానికి 2 లీటర్లిచ్చే, రసాయనాలకి తట్టుకునే మ్యాగ్నెటిక్ డ్రైవ్ పంపులు తీసుకోండి. యాసిడ్‌కి నిమిషానికి అర లీటరు చాలు. ప్రతి డోసింగ్ లైనుకీ ఎన్ఆర్‌వీ (వెనక్కి పారనివ్వని వాల్వు) ఉండాలి, పైపు చివర మిక్సింగ్ ట్యాంకులో నీటి మట్టానికి పైనే ఆగాలి. చివర మునిగి ఉంటే పంపు ఆగాక కూడా సైఫన్ పట్టి స్టాక్ మొత్తం ట్యాంకులోకి లాగేసుకోవచ్చు.

కలిపే వరుస కంట్రోలర్‌లో ఇలా రాయండి. ఫ్లోట్ దాకా నీళ్లు నింపాలి, సర్క్యులేషన్ పంపు వేయాలి. లెక్క ప్రకారం పలచన యాసిడ్ 6 లీటర్ల పైచిలుకు పడుతుంది, అందులో 5 లీటర్లు ఒకేసారి ఎక్కించి మూడు నిమిషాలు ఆగాలి. తర్వాత ఏ 18 లీటర్లు, రెండు నిమిషాలు విరామం, బీ 18 లీటర్లు, మూడు నిమిషాలు విరామం. అప్పుడే ఈసీ చూడాలి. తక్కువుంటే ఏ, బీ చెరో అర లీటరు ఎక్కించి మళ్లీ రెండు నిమిషాలు ఆగాలి. ఈ రెసిపీకి అర లీటరుకి ఈసీ సుమారు 0.03 పెరుగుతుంది. కాయ దశలో లక్ష్యం 1.8, 1.9 mS/cm దగ్గర ఉంచి డ్రెయిన్ (బ్యాగు కిందకి దిగే మిగులు నీరు) చూసి మార్చుకోండి. చివర్లో యాసిడ్‌ని 200 మి.లీ. చొప్పున వేస్తూ పీహెచ్ 5.8కి తేవాలి. 0-52-34 వల్ల పీహెచ్ కొంచెం దిగుతుంది కాబట్టి యాసిడ్ సర్దుబాటు చివరికే పెట్టుకోవాలి.

అంటే పది వంతుల్లో తొమ్మిది వంతులు కొలతతోనే పోస్తున్నాం, ప్రోబ్ చెప్పేదాన్ని బట్టి సర్దేది చివరి వంతే. ఈ పద్ధతిలో ఇదే అసలు కీలకం. పూర్తిగా ప్రోబ్ మీద వదిలేస్తే అది చెడిపోయినప్పుడు మొక్కల ప్రాణం మీదికే వస్తుంది. పీహెచ్ ప్రోబ్ గాజు పగిలినా, లోపల తడి దిగినా సాధారణంగా 7 దగ్గర నిలబడిపోతుంది. కంట్రోలర్‌కి 5.8 కావాలి, కనిపించేది 7, యాసిడ్ పోస్తూనే ఉంటుంది. ఈసీ ప్రోబ్ మీద పొర కట్టినా, గాలి బుడగ చిక్కినా రీడింగ్ తక్కువ చూపిస్తుంది, ఎరువు ఎక్కుతూనే ఉంటుంది. రెండూ తప్పుడు వైపుకే చెడిపోతాయి. అందుకే బ్యాచ్‌కి గరిష్ఠ పరిమితి పెట్టండి: ఏ, బీ 22 లీటర్లు, యాసిడ్ 7 లీటర్లు. అంతకి మించితే పోయడం ఆపి అలారం ఇవ్వాలి, ఫీడ్ ట్యాంకులోకి వదలకూడదు. స్టాక్ అయిపోయినా ఇదే అలారం పట్టుకుంటుంది. ఈ పరిమితి కోడ్‌లో ఉంటే చాలదు, పంపు కాంటాక్టర్‌కి (మోటారుని ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్) వరుసలో ఒక టైమర్ రిలే కూడా పెట్టండి. బోర్డు హ్యాంగ్ అయినా అది ఆపుతుంది.

పీహెచ్ ప్రోబ్‌ని వారానికోసారి 7, 4 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచూడండి. 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్ తేడాకి 59 మిల్లీవోల్టులు రావాలి. 50కి దిగిందంటే ప్రోబ్ మార్చే వేళయింది. ఆర్వో నీళ్లలో నిల్వ ఉంచితే ప్రోబ్ పాడవుతుంది, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఉంచాలి. ఈసీకి 1.413 ద్రావణం వాడండి. ఉష్ణోగ్రత సవరణ లేని ఈసీ సెన్సర్ తీసుకోవద్దు. డిగ్రీకి 2 శాతం చొప్పున పొద్దున 16 డిగ్రీలకీ మధ్యాహ్నం 31 డిగ్రీలకీ మధ్య 30 శాతం తేడా చూపిస్తుంది.

ఈఎస్పీ32తో కట్టుకోవచ్చు, విడిభాగాలన్నీ బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. కానీ దాని సొంత అనలాగ్ ఇన్‌పుట్ పీహెచ్‌కి పనికిరాదు. ఏడీఎస్1115 (వోల్టేజీని అంకెల్లోకి మార్చే విడి చిప్) పెట్టి, పీహెచ్, ఈసీ రెండింటికీ ఐసోలేటెడ్ (విద్యుత్ పరంగా విడిగా ఉండే) మాడ్యూళ్లు వాడండి. పంపు వేయగానే పీహెచ్ అర పాయింటు దూకితే నీళ్లు మారినట్టు కాదు, గ్రౌండ్ లూప్ (ఎర్త్ దారిలో దొంగ కరెంటు) ఉన్నట్టు. ప్రోబ్ కేబుల్, మోటారు కేబుల్ ఒకే పైపులో వేయకండి. కాంటాక్టర్ కాయిల్‌కి స్నబ్బర్ (వోల్టేజి దూకుడుని అణిచే భాగం) లేకపోతే అది వదిలినప్పుడు బోర్డు రీసెట్ కావచ్చు. బోర్డులోని కొన్ని పిన్నులు బూట్ సమయంలో క్షణకాలం వాటంతటవే మారతాయి, డోసింగ్ రిలేలకి అవి వాడొద్దు. ఇక కరెంటు: వ్యవసాయ ఫీడర్‌లో త్రీఫేజ్ ఉండేది కొన్ని గంటలే, అవీ మనకి నచ్చిన వేళ కాదు. బోరు నీళ్లు 10,000 లీటర్ల సంపులో పట్టుకుని, డ్రిప్‌ని రెండు జోన్లుగా విడదీస్తే గంటకి 5000 లీటర్ల ప్రవాహం చాలు. దానికి ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు సరిపోతుంది, ఇన్వర్టర్ మీద కూడా నడుస్తుంది.

నీళ్లు ఎప్పుడు ఇవ్వాలన్నది గడియారం మీద కన్నా ఎండ మీద నడపడం మంచిది. జులై ముసురులో ఏడు విడతలు చాలవచ్చు, ఏప్రిల్‌లో పదహారు పట్టవచ్చు. బయటి ఎండ చదరపు సెంటీమీటరుకి 150 జౌళ్లు (శక్తికి కొలత) పోగయినప్పుడల్లా ఒక విడత అని మొదలుపెట్టి, డ్రెయిన్ చూసి మార్చుకోండి. ఎండ శక్తిని కొలిచే పైరనోమీటర్ ఖరీదు అనుకుని బీహెచ్1750 అనే చవక వెలుతురు సెన్సర్ పెడితే ఒక మాట గుర్తుంచుకోండి: అది మామూలు సెట్టింగులో సుమారు 54 వేల లక్స్ దగ్గర ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం బయట లక్ష దాటుతుంది. పైన తెల్లటి అక్రిలిక్ ముక్క కప్పాలి.

డ్రెయిన్ కొలవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. ఒక బ్యాగు కింద ట్రే, పక్కన ఒక విడి డ్రిప్పర్ కింద సీసా. నాలుగు మొక్కల బ్యాగుకి రోజుకి 6.4 లీటర్లు పోసి 1.6 లీటర్లు దిగితే 25 శాతం. 20 నుంచి 30 మధ్య ఉంచండి. మొదటి డ్రెయిన్ పదిన్నర, పదకొండుకల్లా కనపడాలి. డ్రెయిన్ ఈసీ పోసినదానికన్నా ఒకటి, ఒకటిన్నర ఎక్కువైతే వెంటనే ఎరువు తగ్గించకండి. ముందు విడతలు పెంచి డ్రెయిన్ శాతం చూడండి, చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది. పోసింది 5.8 ఉండి డ్రెయిన్ పీహెచ్ 7 దాటుతుంటే యాసిడ్ లెక్క మళ్లీ చూడండి. బోరు నీళ్ల బైకార్బొనేట్ వానాకాలానికీ వేసవికీ ఒకేలా ఉండదు, అందుకని ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించండి.

మొక్కలు నాటకముందే ఉత్త నీళ్లతో వారం రోజులు నడిపి చూడండి. కలిపే మధ్యలో మెయిన్ స్విచ్ తీసేసి మళ్లీ వేయండి: బ్యాచ్ మొదటినుంచి పోయకుండా ఆగి అడగాలి. పీహెచ్ ప్రోబ్ కేబుల్ పీకండి, ‘ఏ’ ట్యాంకు గొట్టం గాల్లో పెట్టండి, ఫ్లోట్‌ని చేత్తో పైకి ఎత్తి పట్టుకోండి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికైనా అలారం రాకుండా నీళ్లు ఫీడ్ ట్యాంకులోకి పోతే ఇంకా నారు తెప్పించకండి.