కొలను వాక్యూమ్ కొనాలా, ఇంట్లోనే చేసుకోవాలా?

ప్రశ్న: మా తోటలో 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు ఉన్న చిన్న కొలను ఉంది. చేపలున్నాయి. అడుగున పూడిక బాగా చేరింది. కొలను శుభ్రం చేసే వాక్యూమ్ ధర చూస్తే నా నెల పొదుపంతా దానికే పోయేలా ఉంది. ఇంట్లో పాత నీళ్ల మోటారు, డ్రమ్ము ఉన్నాయి. సొంతంగా చేసుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా, లేక ఈఎంఐలో కొనేయనా?

జవాబు: ఈఎంఐ మాట ముందు పక్కన పెట్టండి. ఏడాదికి రెండుసార్లు బయటికి తీసే వస్తువుకి నెలనెలా వడ్డీ కట్టడం నాకు అస్సలు నచ్చదు.

చేసుకోమనే చెబుతాను, ఎందుకంటే ఇందులో ఖరీదైనది మోటారే, అది మీ దగ్గర ఉంది. పద్ధతి సులువే. డ్రమ్ము మూతకి రెండు కన్నాలు పెట్టి, ఒకదాంట్లోంచి కొలనులోకి పైపు, రెండోదాంట్లోంచి మోటారుకి పైపు వేస్తారు. బరువైన బురద డ్రమ్ము అడుగున దిగిపోతుంది, నీళ్లు, వాటిలో కలిసిన సన్నటి మట్టి మాత్రమే మోటారు దాకా వెళ్తాయి, కాబట్టి ఇంపెల్లర్‌లో (మోటారు లోపల తిరిగే రెక్కల చక్రం) ఆకులూ రాళ్లూ ఇరుక్కోవు. మొదలుపెట్టే ముందు డ్రమ్మునీ పైపులనీ నీళ్లతో నింపాలి.

చాలామంది పొదుపు చేయకూడని చోట పొదుపు చేస్తారు. మొక్కలకి నీళ్లు పట్టే మెత్తటి పైపు లాగుడికి అతుక్కుపోతుంది, లోపల గట్టి చుట్టలున్న సక్షన్ పైపే కొనండి. డ్రమ్ము కూడా మందంగా ఉండాలి. నేను మొదటిసారి పల్చటి ప్లాస్టిక్ బకెట్‌తో చేశాను. మోటారు వేసిన కాసేపటికే దాని పక్కలు లోపలికి నొక్కుకుపోయాయి, మూత దగ్గర సన్నటి పగులు వచ్చింది, అక్కడినుంచి గాలి పీల్చుకుని మోటారు నీళ్లు లాగడం మానేసింది. బకెట్, సీలెంట్ ట్యూబు, ఒక ఆదివారం మొత్తం పోయాయి. అందుకే ఖర్చు రాసుకునేటప్పుడు, ఒకసారి చెడిపోయి మళ్లీ కొనాల్సి వచ్చే సామాను కూడా కలిపి రాయమంటాను.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే ఆ లిస్టులో మొట్టమొదట అదే రాయండి. 30 మిల్లీఆంపుల లీకేజీకే కరెంటు ఆపేసేది కావాలి. మోటారు నడుస్తున్నంతసేపు ఎవరూ నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. ఈ ఖర్చు తగ్గించడానికి నేను ఒప్పుకోను.

కరెంటు బిల్లు గురించి టెన్షన్ వద్దు, 750 వాట్ల మోటారు 20 నిమిషాలు నడిస్తే పావు యూనిట్. అసలు చూసుకోవాల్సింది నీళ్ల లెక్క. మీ కొలనులో నిండా ఉంటే 3,000 లీటర్లు. మోటారు నిమిషానికి 40 లీటర్లు లాగితే 75 నిమిషాల్లో మొత్తం ఖాళీ! చేపలున్న చోట ఒక్కసారిగా పావు వంతు కంటే ఎక్కువ తీయకపోవడం మంచిది, అంటే 750 లీటర్లు, సుమారు 19 నిమిషాల పని. మళ్లీ నింపే కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే దాన్ని పోగొట్టే మందుకీ డబ్బు కావాలి. అందుకే చిక్కగా వచ్చే నీళ్లు మొక్కలకి పెట్టి (మంచి ఎరువు కూడా), తేటగా వచ్చేవి గుడ్డ సంచిలో వడకట్టి తిరిగి కొలనులోకే వదలండి. పూడిక ఒక్కరోజే అంతా కెలక్కండి. కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలకి విషం. వారానికో మూల చొప్పున తీయండి.

ఇక కొనడం సంగతి. ఏడాదికి రెండుసార్ల చొప్పున అయిదేళ్లు వాడతారనుకుంటే మొత్తం పదిసార్లు, ధరని పదితో భాగించండి. ఒకరోజు అద్దె అంతకన్నా తక్కువైతే అద్దెకి తెచ్చుకోవడమే నయం. సొంతంగా చేయడానికి అయ్యే ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటినా నేనైతే చేయను, పక్కింటివాళ్లకీ కొలను ఉంటే ఇద్దరూ కలిసి కొనుక్కోవచ్చు. చేసుకోవడం వల్ల మిగిలిన డబ్బుని మాత్రం అదే రోజు ఎమర్జెన్సీ ఫండ్‌లోకి మార్చేయండి, మామూలు ఖాతాలో ఉంచితే ఎటు పోయిందో కూడా తెలియదు.

పైపు కొనే ముందు ఆ పాత మోటారుని డ్రమ్ము నీళ్లతో ఒక పావుగంట నడిపి చూడండి. మామూలు కన్నా బాగా వేడెక్కినా, శబ్దం మారినా, రీవైండింగ్‌కి ఎంతవుతుందో కనుక్కున్నాకే మిగతా సామాను కొనండి.