పేడ నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్: న్యూజిలాండ్, నెదర్లాండ్స్ అంకెలను నేరుగా పోల్చవచ్చా?

భూమిని వేడెక్కించే ఈ వాయువు లెక్కల్లో 'పేడ నిర్వహణ' అనే ఒక్క పద్దును మాత్రమే చూస్తే పోల్చకూడదు. న్యూజిలాండ్‌లో ఆ అంకె చాలా చిన్నదిగా కనిపిస్తుంది. దానికి కారణం లెక్క రాసే తీరు.

అక్కడ ఆవులు దాదాపు ఏడాదంతా బయటే మేస్తాయి. పచ్చికపై పడిన పేడ, మూత్రం అంతర్జాతీయ లెక్కల్లో 'వ్యవసాయ నేలలు' అనే వేరే పద్దులోకి వెళ్తాయి. అసలు కథ అక్కడే ఉంది. ఆవు ఒకసారి మూత్రం పోసిన చోట నత్రజని హెక్టారుకు వెయ్యి కిలోల స్థాయికి చేరగలదు. గడ్డి అంత నత్రజనిని పీల్చుకోలేదు. మిగిలినదాన్లో కొంత భాగాన్ని నేలలోని సూక్ష్మజీవులు నైట్రస్ ఆక్సైడ్‌గా మారుస్తాయి. వాన పడి నేల చిత్తడిగా ఉంటే నైట్రస్ ఆక్సైడ్ మరింత వెలువడుతుంది. పేడకంటే మూత్రమే పెద్ద దోషి అన్నది చాలామందికి తట్టని విషయం.

నెదర్లాండ్స్‌లో పేడ, మూత్రం కలిసి కొట్టం కింది గుంటల్లో ద్రవంగా నిలవ ఉంటాయి. గాలి సోకదు కాబట్టి అక్కడ మీథేన్ ఎక్కువ, నైట్రస్ ఆక్సైడ్ తక్కువ. అమ్మోనియా కూడా ఎక్కువే. ఆ ద్రవాన్ని పొలంలో మట్టిలోపలికి ఎక్కిస్తే అమ్మోనియా తగ్గుతుంది, కానీ నైట్రస్ ఆక్సైడ్ పెరగవచ్చు. అదీ నేలల పద్దులోకే చేరుతుంది.

అందుకే రెండు పద్దులూ కలిపి, పశువులు విసర్జించిన కిలో నత్రజనికి ఎంత వాయువు వెలువడిందో చూడండి. ఉద్గార గుణకాలు (కిలో నత్రజనికి ఇంత వాయువు అని లెక్కకట్టే అంకెలు) ఎవరివో కూడా గమనించండి: న్యూజిలాండ్ సొంత క్షేత్ర కొలతల నుంచి తీసినవి వాడుతుంది. వందేళ్ల కాలానికి నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌కంటే సుమారు 273 రెట్లు వేడెక్కిస్తుంది. గుణకంలో చిన్న తేడా వచ్చినా మొత్తం అంకె ఎంతో మారిపోతుంది.